నలభై ఒక్క హెచ్చరికలు

బిందుమాధవి ఆ ఉదయం పాడేరు మీటింగు హాల్లో మాట్లాడినంత బాగా మునుపెన్నడూ మాట్లాడలేదు.

విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో ఆమెది ఏడేళ్ళ ఉద్యోగం. ఏ ఊరివాళ్ళు ఎక్కడికి, ఎందుకు ప్రయాణం చేస్తారు, బస్సు ఎటు తిప్పితే ఎక్కువమందికి అందుతుంది అన్నది కంప్యూటర్లో వేసి చూపించడం ఆ ఆఫీసు పని. ఏజెన్సీ మండలాలకు కొత్తగా పన్నెండు మినీబస్సులు వస్తున్నాయి. వాటికి రూట్లు వేసే పని వీళ్ళకు దక్కింది. సరిగ్గా ఆ సమయానికే వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. ఆఫీసులో దాన్ని అందరికంటే ముందు నేర్చుకున్నది బిందుమాధవే. కాబట్టి అధికారులకు చూపించే బాధ్యత కూడా ఆమెదే అయింది.

తెరమీద కొండలు పచ్చగా లేచి నిలబడ్డాయి. పాత వెర్షన్‌లో గీతలుగా ఉండే రోడ్లు ఇప్పుడు లోయల్లోకి దిగి, ఘాట్ ఎక్కి, మలుపులు తిరుగుతున్నాయి. చిన్న చిన్న పసుపు బస్సులు వాటిమీద కదులుతున్నాయి. "ఏ గంటకు ఏ బస్సు ఎక్కడుంటుందో ఇక్కడే కనిపిస్తుంది సార్. ఇదివరకు ఒక్కో రూటు మార్చి చూడాలంటే రెండు రోజులు పట్టేది. ఇప్పుడు రెండు నిమిషాలు" అని ఆమె ఒక బస్సును మౌస్‌తో పట్టుకుని జి.మాడుగుల వైపు లాగింది. లెక్కలన్నీ వాటంతటవే మారిపోయాయి. ముందు వరుసలో కూర్చున్న రవాణా అధికారి దుర్గాప్రసాద్ గారు "భేష్" అన్నారు. ఆమె పై అధికారి వరహాలరావు, తానే ఆ సాఫ్ట్‌వేర్ కనిపెట్టినంత సంబరంగా చుట్టూ చూశాడు.

"చిన్న చిన్న గూడేలను దగ్గర్లోని స్టాపుతో తనే కలిపేస్తుంది. అది ఇంకో కొత్త సదుపాయం" అంది బిందుమాధవి చివరగా.

అప్పుడు వెనక వరుసలోంచి ఒకామె లేచింది. నలభై ఐదేళ్ళుంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో గుడ్డసంచి. బిందుమాధవి వెంటనే గుర్తుపట్టింది. ముంచింగిపుట్టు మండలంలో పనసగెడ్డ అనే గూడేనికి వార్డు మెంబరు, కనక.

"అమ్మా, మా ఊరు ఏదమ్మా? ఇందాకటి నుంచి ఎతుకుతన్నాను. కనపడ్డం నేదు."

బిందుమాధవి నవ్వుతూనే మ్యాపును ఆ వైపు జరిపింది. సంతబయలు కనిపించింది. మెయిన్ రోడ్డుమీద ఉన్న ఊరు అది. దాని పక్కన, వాగులా పారే గెడ్డకు అవతల, కొండమీద పనసగెడ్డ ఉండాలి. అక్కడ పచ్చదనం తప్ప ఏమీ లేదు. సంతబయలు మీద నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో "కలిపిన ఊళ్ళు: పనసగెడ్డ" అని ఉంది. స్టాపుకు దూరం ఒకటిన్నర కిలోమీటరు అట. పిట్ట ఎగిరితే ఒకటిన్నరే. మనిషి గెడ్డలోకి దిగి, మళ్ళీ ఎక్కి రావాలంటే రెండు గంటలకు పైమాటే. ఆ సంగతి బిందుమాధవికి తన కాళ్ళతో తెలుసు.

ఆమెకు ఏం జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోటివెంట వచ్చిన మాట వేరు.

"కొత్త వెర్షన్ కదండీ, చిన్న లోపం ఉన్నట్టుంది. సాఫ్ట్‌వేరే తీసేసింది."

"వచ్చే ఏడాది సవరణలో చూద్దాంలే" అన్నాడు వరహాలరావు చటుక్కున. లిస్టు అప్పటికే పైకి వెళ్ళిపోయిందని దుర్గాప్రసాద్ గారు చెప్పారు. కనక కాసేపు అలాగే నిలబడి, కూర్చుంది. చప్పట్లు కొట్టారు. టీ వచ్చింది.

*

నిరుడు చలికాలంలో సర్వే కోసం పనసగెడ్డకు వెళ్ళినప్పుడు బిందుమాధవి కనక ఇంట్లోనే ఒక పూట ఉంది. ఇరవై ఎనిమిది ఇళ్ళు. కాఫీ, పిప్పళ్ళు, కొంచెం చోడి అనే రాగి పంట. రేషన్ డిపోలో బియ్యానికైనా, సంతకైనా, సూదిమందుకైనా గెడ్డ దాటి నడవాల్సిందే. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎక్కడికి ఎన్నిసార్లు వెళ్తారో రాసుకుంది. కనక చోడి అంబలి పెట్టింది. వెళ్ళేటప్పుడు ఊరివాళ్ళు చుట్టూ మూగి "మాకు బస్సు వొత్తాదా అమ్మా?" అని అడిగారు.

"బస్సు రావాలంటే దారి పన్నెండడుగుల వెడల్పు ఉండాలి. చివర తిప్పుకునే జాగా ఉండాలి. అవి ఉంటే మీ ఊరు లిస్టులోకి వస్తుంది" అని ఆమె చెప్పింది. అడిగారు కాబట్టి చెప్పింది. జీపెక్కాక మర్చిపోయింది.

వాళ్ళు మర్చిపోలేదు. సంతబయలు నుంచి కొండ చుట్టూ తిరిగి వచ్చే పాత బండిబాట ఒకటుంది. అది సగం దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ ఎండాకాలమంతా ఇంటికి ఒక మనిషి చొప్పున గునపాలు, పారలు పట్టుకుని దాన్ని వెడల్పు చేసి, మిగిలిన మూడు కిలోమీటర్లు కొండ అంచున కొత్తగా తవ్వారు. వానలకు ముందే అయిపోయింది. పాడేరులో డిగ్రీ చదువుతున్న కనక కూతురు సోని ఫొటోలు పంపింది. బిందుమాధవి ఆ రాత్రే పాత వెర్షన్‌లో ఆ దారిని చేత్తో గీసి, చివర బస్సు గుర్తు పెట్టింది. "మీ ఊరు లిస్టులో ఉంది" అని ఫోన్ చేసి మరీ చెప్పింది.

తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. పాత ఫైలును అందులోకి ఎక్కించినప్పుడు ఒక కిటికీ తెరుచుకుంది. ప్రభుత్వ రోడ్ల జాబితాలో లేని దారులు, పేర్లు కలవని ఊళ్ళు, ఇంకా ఏవేవో, మొత్తం నలభై ఒక్క హెచ్చరికలు. ఒక్కోదాన్నీ చూసి ఉంచాలో తీసేయాలో చెప్పాలి. లేదంటే కింద ఒకే మీట ఉంది, అన్నిటికీ ఒప్పుకున్నట్టు. మీటింగు ఇంకా రెండు రోజులే ఉంది. ఆమె మొదటి మూడూ చదివింది. మూడూ స్పెల్లింగు తేడాలే. పసుపు బస్సులు మలుపులు తిరగడం చూడాలని చేతులు తహతహలాడుతున్నాయి. మీట నొక్కేసింది.

అంతే జరిగింది.

*

వరండాలో కనక ఆమె కోసమే కాచుకుని ఉంది. బిందుమాధవి తప్పించుకుపోదామనుకుంది కానీ దారి అటే.

"దిగులు పడకమ్మా" అంది కనక, ఆమె చెయ్యి పట్టుకుని. "మెషిను సేసిన పనికి నువ్వేటి సేత్తావు? నువ్వు రాసేవు, అది సెరిపేసింది. నీ కట్టం కూడా పోనాది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది బిందుమాధవికి.

"ఓపాలి మా రోడ్డు సూద్దువు రా అమ్మా. ఫొటోలోనే గదా సూసేవు. రేపు జీపు ఉంది" అంది కనక. వద్దనడానికి కారణం ఒక్కటీ తోచలేదు. సరేనంది.

మర్నాడు పొద్దున్నే సర్వీసు జీపులో కనక, సోనిలతో పాటు సంతబయలు వెళ్ళింది. అక్కడినుంచి నడక. మొదటి మలుపు తిరగగానే ఆమె ఆగిపోయింది. ఫొటోల్లో ఇది ఇలా కనిపించలేదు. కొండ పక్కను నిలువునా చెక్కేసి ఉంది. లోయ వైపు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్ట కట్టారు. వానకు కోసుకుపోయిన చోట మళ్ళీ మట్టి పోసి దిమ్మిస కొట్టారు. ఎక్కడా యంత్రం జాడ లేదు. మట్టి గోడమీద గునపం గాట్లు అడుగడుగునా కనిపిస్తున్నాయి.

"ఇక్కడ మా ధర్మ బావకి కాలు మీద రాయి పడింది. మూడు నెలలు మంచంలో ఉన్నాడు" అంది సోని, ఒక చోట చూపించి. అంతకుమించి ఆ అమ్మాయి దారిలో ఏమీ మాట్లాడలేదు.

పనసగెడ్డ ముందు కొండను గుండ్రంగా చదును చేసి ఉంది, బస్సు తిరగడానికి. పక్కన నాలుగు గుంజలు పాతి పైన గడ్డి కప్పి, కూర్చోడానికి వెదురు బల్ల కట్టారు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళకట. ఆమె వచ్చిందని తెలిసి ఊరివాళ్ళు ఒక్కొక్కరే చేరారు. సోమన్న అనే ముసలాయన చేతిలో పొడవాటి వెదురుకర్రతో ముందుకొచ్చాడు.

"ఈ కర్రతోనే కొలిసేమమ్మా. సరిగ్గా పన్నెండడుగులు. అంతటా సరిపోయింది. రెండో మలుపు కాడ మాత్రం పెద్ద రాయి ఒకటి ఉండిపోనాది. అక్కడ పదకొండున్నరే" అన్నాడు. కొంచెం తటపటాయించి అడిగాడు. "అందుకేనా మీ మెషిను వొద్దన్నాది?"

ఆమె జవాబు చెప్పేలోగా సోమన్నే మళ్ళీ అందుకున్నాడు.

"అదే అయితే బెంగ నేదు. దానిమీద మంట ఎట్టి, నీళ్ళు కొట్టి పగలగొట్టేత్తాం. వారం దినాలు సాలు. మెషినుకి సెప్పగలవా?"

పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఒకడు అప్పుడే గునపం తేవడానికి ఇంటివైపు తిరిగాడు కూడా. తప్పు తమదే అయి ఉంటుందని, అర అడుగు తక్కువ తవ్వినందుకు తమ ఊరు మ్యాపులోంచి పోయిందని, కనక ఫోన్లో కబురు చెప్పినప్పటి నుంచి వాళ్ళు రాత్రంతా ఆలోచించుకుని ఉన్నారు. బిందుమాధవి వెదురు బల్ల మీద కూర్చోబోయి, అది బస్సెక్కేవాళ్ళదని గుర్తొచ్చి లేచింది.

"తాతా, రాయి వల్ల కాదు" అంది. "రోడ్డు బాగుంది. తప్పు నాది. మెషిను నన్ను అడిగింది. ఈ దారి ఉంచమంటావా తీసెయ్యమంటావా అని అడిగింది. అలాంటివి నలభై ఒకటి అడిగింది. నేను చదవకుండా అన్నిటికీ సరే అన్నాను."

కనక ఆమె వైపు తిరిగింది. "సదవకుండానా?"

"చదవకుండానే."

"మరి నిన్న అందరిముందూ మెషిను సేసిందన్నావు గదా."

"అబద్ధం చెప్పాను అక్కా."

ఊళ్ళో సగం మందికి తెలుగు అంతంతమాత్రమే. ఏమందని వాళ్ళు కనకను అడిగారు. కనక తమ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. బిందుమాధవి నాలుగు మాటల్లో చెప్పేసిన దానికి అక్కడ చాలాసేపు పట్టింది. మాట ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోతోంది. ఎవరికి చేరిందో ముఖం చూస్తే తెలిసిపోతోంది. వెనకాల కర్ర ఊతంతో నిలబడ్డ ఒకతను, బహుశా ఆ ధర్మే, అందరికంటే ఆఖరున విన్నాడు. విని ఆమెను చూడలేదు. రోడ్డు వైపు చూశాడు.

ఎవరూ కేకలెయ్యలేదు. సోమన్న కర్రను గుడిసె చూరులో దోపేసి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి కనక అడిగింది. "నలభై ఒకటన్నావు. మిగతాయి ఎవలివి?"

బిందుమాధవి తల ఎత్తింది. ఆ మాట ఆమెకు నిన్నటి నుంచి ఒక్కసారి కూడా తట్టలేదు.

"తెలీదక్కా. చూడలేదు."

"మాకయితే నువ్వు తెలుసు. వొచ్చి అడిగేం. ఆల ఊరు పోయినట్టు ఆలకెవలు సెప్తారు?"

పోయినేడు ఇదే ఊళ్ళో, తినకుండా పంపేది లేదని చెయ్యి పట్టి లాగినవాళ్ళున్నారు. ఈసారి తినమని ఎవరూ అనలేదు. సోని ఒక్కతే సంతబయలు దాకా తోడొచ్చింది. జీపు వచ్చేదాకా దూరంగా నిలబడి, జీపు కదలకముందే వెనక్కి తిరిగింది.

*

సాయంత్రం పాడేరు లాడ్జిలో ఆమె లాప్‌టాప్ తెరిచి, ఆ నలభై ఒకటీ మొదటినుంచి చదివింది. ఇరవై ఆరు స్పెల్లింగులు. ఆరు చోట్ల ఒకే ఊరు రెండుసార్లు పడింది. మిగిలిన తొమ్మిదీ గూడేలు. తొమ్మిదీ తను నడిచి వెళ్ళినవే. తన చేతిరాత నోట్సు తీసి చూసుకుంది. ఒకదాని పక్కన "కల్వర్టు నిరుడే వేశారు, జీపు పోతోంది" అని తనే రాసుకుంది. ఇంకోదాని పక్కన "నెలలు నిండినవాళ్ళు నలుగురు" అని ఉంది. ఆ నలుగురికీ ఈపాటికి పిల్లలు పుట్టి, అడుగులు కూడా వేస్తుంటారు.

వరహాలరావుకు ఫోన్ చేసి చెప్పింది.

ఆయన మెత్తగా అన్నాడు. "నీ పేరెందుకమ్మా మధ్యలో? సాఫ్ట్‌వేర్ లోపం అని కంపెనీ మీద రాసేద్దాం. సవరణ పంపుదాం. ఊళ్ళూ వస్తాయి, మన పరువూ ఉంటుంది."

అది చాలా సులువైన దారి. నిన్నయితే ఒప్పుకునేది.

"కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది సార్, ఒక్కోటీ చూసుకోమని. మనం చదవలేదు." తనే దిద్దుకుంది. "నేను చదవలేదు."

"నీ ఇష్టం. కానీ ఆ ఉత్తరం మీద నా సంతకం ఉండదు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఉత్తరం ఒక పేజీకి మించలేదు. మర్నాడు ఆఫీసు తెరవగానే దుర్గాప్రసాద్ గారి బల్లమీద పెట్టి ఎదురుగా నిలబడింది. ఆయన రెండుసార్లు చదివారు. పైకి ఫోన్ చేసి ఫైలు ఆపమన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి, "మీరు చెప్పకపోతే మాకెప్పటికీ తెలిసేది కాదు" అన్నారు. అది మెప్పో నిష్ఠూరమో ఆమెకు అర్థం కాలేదు. రెండూ భరించడం కష్టంగానే ఉంది.

తొమ్మిదిలో ఆరు గూడేలు మళ్ళీ లిస్టులోకి వచ్చాయి. పనసగెడ్డ రోడ్డును ఇంజనీరు వచ్చి చూసి, వారానికి మూడు రోజులు బస్సు తిప్పొచ్చని రాశాడు. రెండో మలుపులో రాయి అప్పటికే లేదట. మిగిలిన మూడు గూడేలకు మాత్రం కుదరలేదు. ఉన్న పన్నెండు బస్సులూ ఈలోగా పంపకమైపోయాయి. వచ్చే ఏడాది చూద్దామన్నారు.

బిందుమాధవిని ఆ పని నుంచి తీసేశారు. ఇప్పుడు ఆమె ఆఫీసులో కూర్చుని ఇతరుల ఫైళ్ళు సరిచూస్తుంది. ఎవరైనా నవ్వుతూ "అన్నీ చదివారా మేడమ్?" అని అడిగితే నవ్వదు. చదివానని చెబుతుంది.

ఫిబ్రవరిలో సోని ఫోన్ చేసింది.

"బస్సొచ్చింది. అమ్మ చెప్పమంది."

"చాలా సంతోషం సోనీ."

"ఒకసారి వస్తారా అని అడగమంది." కొంచెం ఆగి, "అమ్మ అడగమంది కాబట్టి అడిగాను" అంది.

వస్తానని చెప్పింది గానీ వెళ్ళలేదు. ఆ బస్సెక్కి కూర్చునే ముఖం ఆమెకు లేదు. దాని బదులు నాలుగు రోజులు సెలవు పెట్టి, బస్సు దక్కని మూడు గూడేలకు బయల్దేరింది. ఎవరూ పంపలేదు, ఎవరికీ చెప్పలేదు.

మొదటిది జి.మాడుగుల మండలంలో కొండ కొసన ఉన్న ఊరు. మెయిన్ రోడ్డు మీద దిగాక, మట్టిరోడ్డు వెంట రెండు గంటల నలభై నిమిషాలు నడిస్తే వచ్చింది. ముత్యాలమ్మ అనే పెద్దావిడ అరుగుమీద చీపురుపుల్లలు కట్టలు కడుతూ ఆమెను చూసి, ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాత ఎవరివని అడిగింది. నిరుడు సర్వేకు వచ్చినదాన్నేనని బిందుమాధవి చెప్పింది. బస్సు సంగతీ, లిస్టు సంగతీ, తను చదవకుండా నొక్కిన సంగతీ ఒకటీ దాచకుండా చెప్పింది. రెండోసారి కాబట్టి తేలికవుతుందనుకుంది. కాలేదు.

ముత్యాలమ్మ అంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మాకు బస్సా? వొత్తాదని ఎవులూ సెప్పనేదే!"

"రావాల్సిందమ్మా. నా వల్ల పోయింది."

"ఓలమ్మో!" ఆవిడ కోడలిని కేకేసి పిలిచింది. "ఒసే బేబీ, ఇలా రాయే! మనూరికి బస్సు రావలసిందంట! ఈ యమ్మ పోగొట్టేసిందట!" కోడలు చంకలో పిల్లతో వచ్చి తలుపు దగ్గర నిలబడి, వింతగా చూసింది. తమకున్నట్టే తెలియనిదాన్ని, పోయిందని చెప్పడానికి ఒక మనిషి కొండెక్కి వచ్చిందంటే ఆ అత్తాకోడళ్ళకు నమ్మబుద్ధి కాలేదు. బిందుమాధవి నేలకేసి చూస్తూ కూర్చుంది.

"ఆ మాట సెప్పడానికే నడిసొచ్చినావా?" అంది ముత్యాలమ్మ చివరికి.

"అవునమ్మా. వచ్చే ఏడాదికి దరఖాస్తు రాయించుకుని పోదామని కూడా."

"అయితే దారెలాగుందో కళ్ళారా సూసేవు గదా" అంది ఆవిడ, కట్ట బిగిస్తూ. "రాసుకో. నేను సెప్తాను. ఒక్కటీ ఇడిసిపెట్టకు."

బిందుమాధవి పుస్తకం తీసి మోకాలిమీద పెట్టుకుంది. ముత్యాలమ్మ ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. కోడలు మధ్యమధ్యలో సరిదిద్దుతోంది. రాసేటప్పుడు తల ఎత్తక్కర్లేదు కాబట్టి, ఆమెకు ఆ కాసేపూ కొంచెం తేలికగా ఉంది.